‘కనెక్ట్ కావడం లేదు’ అనే ముందు



ఒక చీరల దుకాణం ఉందనుకోండి. కౌంటర్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్‌లో సొంత ఆన్‌లైన్ స్టోర్. పగలు కౌంటర్లో అమ్ముడైన చీరల లెక్కను రాత్రిపూట ఒక చిన్న ప్రోగ్రాం ఆన్‌లైన్ స్టోర్‌కు పంపుతుంది. ఒక రాత్రి ఆ లెక్క వెళ్లలేదు. మధ్యాహ్నమే అమ్మేసిన ఒక్కగానొక్క ఉప్పాడ చీర తెల్లారేసరికి స్టోర్‌లో ఇంకా ఉన్నట్టే కనిపించింది. ఎక్కడో దూరాన ఒకావిడ డబ్బు కట్టి ఆర్డర్ పెట్టేసింది. ఇప్పుడు ఆవిడకు ఫోన్ చేసి చీర లేదని చెప్పుకోవాలి, డబ్బు వెనక్కి పంపాలి, మాట పడాలి. ప్రోగ్రాం రాసిన అబ్బాయిని అడిగితే ‘కనెక్ట్ కావడం లేదండీ’ అంటాడు. హోస్టింగ్ కంపెనీని అడిగితే ‘మా సర్వర్ బాగానే నడుస్తోంది’ అంటారు. ఇద్దరి మాటా నిజమే. చీర మాత్రం రెండుసార్లు అమ్ముడైంది.

చిన్న వ్యాపారానికి ఇది చిన్న దెబ్బ కాదు. అందుకే ఈ రోజు ఆ ‘కనెక్ట్ కావడం లేదు’ అన్న మాట గురించే మాట్లాడతాను. ఆ మాట వెనక దాదాపు ఎప్పుడూ ఒక నంబరో, ఒక వాక్యమో ఉంటుంది. మనం పంపిన రిక్వెస్ట్ ఎంత దూరం వెళ్లింది, ఎక్కడ ఆగింది అన్నది అందులోనే ఉంటుంది. దాన్ని చదవకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే సమస్య తీరదు. పైగా ఆ తొందరలో చేసే కొన్ని మార్పులు అసలు సమస్య కన్నా ఎక్కువ నష్టం తెస్తాయి.

ఉదాహరణకు ప్రెస్టాషాప్‌ను తీసుకుందాం. 2007లో పారిస్‌లో మొదలైన ఓపెన్ సోర్స్ స్టోర్ సాఫ్ట్‌వేర్ అది. పీహెచ్‌పీలో రాశారు. ఎవరైనా దించుకుని తమ హోస్టింగ్‌లో పెట్టుకోవచ్చు. దానికి వెబ్‌సర్వీస్ అనే ఏర్పాటు ఉంది. మనిషి మౌస్ పట్టుకుని అడ్మిన్ పేజీలో చేసే పనులను, అంటే స్టాక్ మార్చడం, ఆర్డర్లు చూడటం, కొత్త సరుకు చేర్చడం లాంటివాటిని, మరో ప్రోగ్రాం చేసుకునేలా తెరిచి ఉంచిన దారి అది. స్టోర్ అడ్రస్ చివర ఏపీఐ అని చేరిస్తే ఆ దారి మొదలవుతుంది. లోపలికి వెళ్లాలంటే 32 అక్షరాల కీ కావాలి. ఆ కీ యూజర్ నేమ్ స్థానంలో వెళుతుంది, పాస్‌వర్డ్ ఖాళీగా ఉంటుంది. జవాబు మామూలుగా ఎక్స్ఎంఎల్ రూపంలో వస్తుంది. ఈ పద్ధతికి రెస్ట్ అని పేరు. రాయ్ ఫీల్డింగ్ 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన గ్రంథంలో దాన్ని వివరించాడు.

కరెంటు పోయిన ఇంటికి వచ్చిన లైన్‌మన్ ఏం చేస్తాడో చూసే ఉంటారు. ముందు స్తంభం దగ్గర, తర్వాత ఫ్యూజు దగ్గర, తర్వాత మీటరు దగ్గర, చివరికి స్విచ్చు దగ్గర టెస్టర్ పెడతాడు. ఎక్కడిదాకా కరెంటు ఉందో తేలాక చేయాల్సిన పని సులువు. ఏపీఐ అనే ఈ దారి విషయంలో ఆ టెస్టర్ పని చేసేది కర్ల్. డానియల్ స్టెన్‌బెర్గ్ 1998 నుంచి అభివృద్ధి చేస్తూ వస్తున్న ఉచిత సాధనం అది. పీహెచ్‌పీ ప్రోగ్రాములు కూడా లోపల చాలావరకు దీన్నే వాడతాయి.

కర్ల్ ఇచ్చే నంబర్లలో కొన్ని అసలు దుకాణం దాకా చేరకముందే వచ్చేవి. 6 వస్తే ఆ పేరుతో సర్వర్ అడ్రసే దొరకలేదు. స్పెల్లింగ్ తప్పైనా కావచ్చు, డొమైన్ గడువు తీరిందైనా కావచ్చు. 7 వస్తే అడ్రస్ దొరికింది, కాని అక్కడ ఎవరూ తలుపు తీయలేదు. సర్వర్ ఆగి ఉండొచ్చు, లేదా మధ్యలో ఫైర్‌వాల్ మన ఐపీని అడ్డుకుని ఉండొచ్చు. 28 వస్తే ఇచ్చిన గడువులోగా పని పూర్తి కాలేదు. ఈ 28 దగ్గర ఒక ప్రమాదం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ఇటీవలే హోస్టింగ్ మార్చి ఉంటే ఇంకొకటి కూడా చూడండి. డొమైన్‌కు ఐపీ వెర్షన్ 6 అడ్రస్ వేరుగా ఉండి, అది ఇంకా పాత సర్వర్‌నే చూపిస్తుండొచ్చు. బ్రౌజర్ ఒక దారి మూసుకుంటే చప్పుడు లేకుండా రెండో దారిన వెళ్లిపోతుంది కాబట్టి మనకు కనిపించదు. మన ప్రోగ్రాం అంత తెలివిగా రాసి ఉండకపోవచ్చు.

ఇక 60. ఇది సర్టిఫికెట్ గొడవ. ‘బ్రౌజర్లో సైట్ బాగానే తెరుచుకుంటోంది కదా, ప్రోగ్రాంకే ఎందుకు రాదు?’ అని దుకాణదారులు అడిగే ప్రశ్నకు ఎక్కువసార్లు జవాబు ఇక్కడే ఉంటుంది. సైట్ సర్టిఫికెట్‌ను నేరుగా పై స్థాయి సంస్థ ఇవ్వదు, మధ్యలో మరో సర్టిఫికెట్ ఉంటుంది. సర్వర్ ఆ రెండింటినీ కలిపి పంపాలి. చాలాచోట్ల ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మధ్యదాన్ని వదిలేస్తారు. బ్రౌజర్లు ఆ లోటును తమంతట తాము పూరించుకుంటాయి. ఇంతకుముందు ఎక్కడో చూసిన సర్టిఫికెట్ దాచుకుని ఉంటాయి, లేకపోతే కొన్ని బ్రౌజర్లు వెతికి తెచ్చుకుంటాయి. కర్ల్ మామూలుగా ఆ పని చేయదు. పంపినదాంతో నమ్మకం కుదరకపోతే 60 అని ఆగిపోతుంది. అలా ఆగడమే సరైన ప్రవర్తన.

దీనికి ఒక పెద్ద ఉదాహరణ అందరి కళ్లముందే జరిగింది. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ తొలినాళ్ల నుంచి ఆధారపడిన ఒక పాత మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30న తీరిపోయింది. కొత్త బ్రౌజర్లలో ఏమీ తేడా తెలియలేదు. ఎన్‌క్రిప్షన్ పని చూసే ఓపెన్ ఎస్ఎస్ఎల్ 1.0.2, అంతకన్నా పాత వెర్షన్లు వాడే సర్వర్లలో మాత్రం నిన్నటిదాకా నడిచిన కనెక్షన్లు ఒక్కసారిగా తెగిపోయాయి. కోడ్‌లో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. ‘ఏమీ మార్చలేదండీ, దానంతటదే ఆగిపోయింది’ అని మీ మనిషి చెబితే వెంటనే అబద్ధమనుకోకండి. తేదీలు వాటంతట అవే మారతాయి. ముందుముందు ఇది ఇంకా ఎక్కువవుతుంది. సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును 2029 మార్చి నాటికి అంచెలంచెలుగా 47 రోజులకు తగ్గించాలని బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు 2025లో నిర్ణయించుకున్నాయి. చేత్తో రెన్యువల్ చేసుకునే స్టోర్లు దానికి ఇప్పుడే సిద్ధపడాలి.

60 రాగానే చాలామంది చేసే పని ఒకటుంది. సర్టిఫికెట్ తనిఖీనే ఆపేస్తారు. ఒక వరుస కోడ్, క్షణంలో అయిపోతుంది, ప్రోగ్రాం నడుస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. మీ కీ ఆ కనెక్షన్ మీదుగానే వెళుతుంది. కీని యూజర్ నేమ్‌గా పంపే ఈ బేసిక్ అథెంటికేషన్ పద్ధతిలో దాన్ని బేస్64 రూపంలోకి మార్చి పంపుతారు. చూడ్డానికి గజిబిజిగా ఉన్నా అది రహస్య లిపి కాదు, ఎవరైనా క్షణంలో తిరిగి మామూలు అక్షరాల్లోకి తెచ్చుకోవచ్చు. దాన్ని కాపాడేది ఎన్‌క్రిప్షన్ ఒక్కటే. అవతల ఉన్నది నిజంగా మన స్టోరేనా అని చూడటం మానేస్తే, మధ్యలో కూర్చున్నవాడికి కీ అప్పగించినట్టే. ఆ కీ వెనక మీ కస్టమర్ల పేర్లు, ఇంటి అడ్రసులు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. నమ్మి ఇచ్చినవాళ్ల వివరాలవి. సరైన పరిష్కారం కూడా కష్టమైనదేమీ కాదు. సర్వర్ వైపు మధ్య సర్టిఫికెట్‌ను చేర్చడం, లేదా మన వైపు ఉన్న పాత సర్టిఫికెట్ల కట్టను, ఓపెన్ ఎస్ఎస్ఎల్‌ను అప్‌డేట్ చేయడం, అంతే.

ఇప్పుడు దుకాణం దాకా చేరిన రిక్వెస్టుల సంగతి. అక్కడి నుంచి మూడంకెల నంబర్లు వస్తాయి. నా దృష్టిలో వీటిలో అందరినీ ఎక్కువగా ఏడిపించేది 401. ‘నువ్వెవరో నాకు తెలియలేదు’ అని దాని భావం. కీ సరిగ్గానే ఉంటుంది. అడ్మిన్ పేజీలో చూస్తే యాక్టివ్‌గానే ఉంటుంది. ఒకటికి నాలుగుసార్లు కాపీ చేసి పెట్టినా 401 వస్తూనే ఉంటుంది. కొత్త కీ చేస్తారు, మళ్లీ 401. ఎందుకంటే తప్పు కీలో లేదు. కీ పీహెచ్‌పీ దాకా చేరడమే లేదు.

ఇది ఎలా జరుగుతుందో కాస్త నిదానంగా చెబుతాను. రిక్వెస్ట్‌తో పాటు కీ అథరైజేషన్ అనే హెడర్‌లో ప్రయాణిస్తుంది. ముందు దాన్ని అందుకునేది అపాచీ వెబ్ సర్వర్. అపాచీ ఆ రిక్వెస్ట్‌ను పీహెచ్‌పీకి అప్పగించాలి. పీహెచ్‌పీ అపాచీలో భాగంగానే నడుస్తుంటే హెడర్ కూడా వెళుతుంది. అలా కాక సీజీఐ లేదా ఫాస్ట్ సీజీఐ పద్ధతిలో వేరుగా నడుస్తుంటే, మామూలు సెట్టింగుల్లో అపాచీ ఆ ఒక్క హెడర్‌ను తనదగ్గరే ఆపేస్తుంది. దీనికి కారణం ఉంది. ఒకే మెషీన్ మీద ఎందరో వినియోగదారుల స్క్రిప్టులు నడిచేచోట, సర్వర్ కోసం ఇచ్చిన పాస్‌వర్డ్ ప్రతి స్క్రిప్టుకూ కనపడకూడదన్న జాగ్రత్త అది. మంచి జాగ్రత్తే. కాని షేర్డ్ హోస్టింగ్‌లో ప్రెస్టాషాప్ పెట్టుకున్నవాడికి మాత్రం తన స్టోర్ తన కీనే గుర్తుపట్టడం లేదు. జవాబులో వచ్చిన వాక్యం చదివితే సంగతి బయటపడుతుంది. కీని లాగిన్‌గా ఇవ్వండి, పాస్‌వర్డ్ అక్కర్లేదు అన్న అర్థంలో సందేశం వస్తే స్టోర్‌కు ఖాళీ చేతులతో వెళ్లామన్నమాట. కీ ఆకారం సరిగా లేదంటే కీ చేరింది గాని సరిగ్గా 32 అక్షరాలు లేవు. కాపీ చేసేటప్పుడు ఒక అక్షరం రాలిపోవడమో, చివర ఖాళీ అతుక్కోవడమో జరిగి ఉంటుంది. రెండూ 401లే, రెంటికీ మందు వేరు.

అనుమానం తీర్చుకోవడానికి ఒక దారి ఉంది. ప్రెస్టాషాప్ కీని హెడర్‌లో కాకుండా అడ్రస్‌లోనే డబ్ల్యూఎస్ కీ అనే పారామీటర్‌గా కూడా తీసుకుంటుంది. అలా పంపితే జవాబు వచ్చి, హెడర్‌లో పంపితే 401 వస్తే, హెడర్ దారిలో పోతోందని తేలిపోయింది. ఆ పరీక్షకు వాడిన కీని మాత్రం వెంటనే తీసేసి కొత్తది చేసుకోండి. అడ్రస్‌లో పెట్టినది సర్వర్ లాగుల్లో పూర్తిగా రాసిపెట్టి ఉంటుంది. పని జరుగుతోంది కదా అని అదే పద్ధతిని శాశ్వతంగా ఉంచేసుకోవడం నాకు నచ్చదు.

శాశ్వత పరిష్కారం హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో ఉంటుంది. వచ్చిన అథరైజేషన్ హెడర్‌ను పీహెచ్‌పీకి కనిపించే వేరియబుల్‌గా మార్చి అందించే రీరైట్ వరుస ఒకటి అందులో చేర్చాలి. అపాచీ 2.4.13 నుంచి సీజీఐ పాస్ ఆథ్ అనే ఆదేశం కూడా ఉంది, హోస్టింగ్ వాళ్లు ఒప్పుకుంటే అది ఇంకా శుభ్రం. రాసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ ఫైల్‌ను ప్రెస్టాషాప్ తనే మళ్లీ మళ్లీ తయారు చేస్తుంటుంది. అందులో స్టార్ట్, ఎండ్ అని రెండు గుర్తులుంటాయి. వాటి మధ్య మీరు రాసినది తర్వాతిసారి చెరిగిపోతుంది, బయట రాసినది నిలుస్తుంది. ఎవరో అడ్మిన్ పేజీలో ఒక సెట్టింగ్ మార్చగానే, బాగుపడిన ఏపీఐ మళ్లీ ఆగిపోయిందంటే ఎక్కువగా కారణం ఇదే.

వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్ స్టోర్ వాడేవాళ్లకూ ఇదే 401 వస్తుంది, కాని అక్కడ ఇంకో మలుపుంది. కనెక్షన్ సురక్షితమైన హెచ్‌టీటీపీఎస్ అయితే వూకామర్స్ బేసిక్ పద్ధతిని ఒప్పుకుంటుంది. మామూలు హెచ్‌టీటీపీ అయితే ఓఆథ్ 1.0ఏ సంతకం అడుగుతుంది. స్టోర్ ముందు లోడ్ బ్యాలెన్సరో, ప్రాక్సీనో ఉండి, ఎన్‌క్రిప్షన్ అక్కడే ముగిసిపోయి, లోపలికి మామూలు హెచ్‌టీటీపీలో వెళుతుంటే, వర్డ్‌ప్రెస్ అది సురక్షిత కనెక్షన్ కాదనుకుంటుంది. బయట తాళం గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, లోపల కీ చెల్లదు. ప్రాక్సీ పంపే సమాచారాన్ని నమ్మమని వర్డ్‌ప్రెస్‌కు కాన్ఫిగరేషన్‌లో చెబితే సరిపోతుంది. సంతకం పద్ధతి వాడేవాళ్లు తమ కంప్యూటర్ గడియారం కూడా చూసుకోవాలి. టైం బాగా తేడాగా ఉంటే సంతకం చెల్లదు.

404 వస్తే ఏపీఐ లేదని కాదు, ఆ అడ్రస్‌ను సరైన ఫైల్‌కు మళ్లించే నియమం లేదని ఎక్కువసార్లు అర్థం. ప్రెస్టాషాప్‌లో ఆ నియమం ఉండేది కూడా హెచ్‌టీయాక్సెస్‌లోనే. కొత్త సర్వర్‌కు మారేటప్పుడు చుక్కతో మొదలయ్యే ఫైళ్లు దాగి ఉంటాయి కాబట్టి అవి కాపీ కాకుండా వెనకే ఉండిపోతాయి. కొత్త సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ అయితే ఆ ఫైల్ ఉన్నా చదవదు, నియమాలను దాని భాషలో విడిగా రాయాలి. వూకామర్స్‌లో పెర్మాలింకులు ‘ప్లెయిన్’ అని పెట్టి ఉన్నా ఇదే నంబరు. 503 వచ్చి, ప్రెస్టాషాప్ తనే వెబ్‌సర్వీస్ ఆఫ్‌లో ఉందని చెబితే, అడ్మిన్‌లో స్విచ్ ఆన్ చేయడమే. 405 అంటే కీ మంచిదే, అడిగిన పనికి అనుమతి లేదు.

ఆ అనుమతుల దగ్గర ఒక మాట. విసుగొచ్చి అన్ని టిక్కులూ పెట్టేసేవాళ్లను చూస్తుంటాం. స్టాక్ లెక్క పంపే ప్రోగ్రాంకు స్టాక్ మీద చూసే, మార్చే హక్కులు చాలు. కస్టమర్ల జాబితా దానికెందుకు? ఆర్డర్లు చెరిపే హక్కు దానికెందుకు? పని పనికీ వేరే కీ ఇవ్వండి. ఏదైనా ఒకటి బయటపడితే దాన్నొక్కదాన్నే తీసేయొచ్చు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక కస్టమర్ల వివరాలను కాపాడటం చిన్న దుకాణానికైనా బాధ్యతే.

403 కాస్త మాయగా ఉంటుంది. స్టోరే నిరాకరించిందా, స్టోర్ ముందున్న కాపలా నిరాకరించిందా అన్నది నంబరు చెప్పదు. జవాబు లోపలి పాఠం చూడాలి. ఎక్స్ఎంఎల్ వస్తే మాట్లాడింది స్టోర్. హెచ్‌టీఎంఎల్ పేజీ వస్తే మధ్యలో మాడ్ సెక్యూరిటీయో, క్లౌడ్‌ఫ్లేరో లాంటి ఫైర్‌వాల్ అడ్డుకుందని అనుమానించాలి. చూడటానికి అడిగినప్పుడు బాగానే ఇచ్చి, మార్చడానికో చెరపడానికో అడిగినప్పుడు మాత్రమే 403 వస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. హోస్టింగ్ వాళ్లను ఫైర్‌వాల్ మొత్తం ఆపమని అడగకండి. ఏ నియమం తగిలిందో లాగులో చూసి, ఏపీఐ దారికి ఆ ఒక్క నియమాన్నే సడలించమనండి.

దారి మళ్లింపుల సంగతి చాలామందికి తట్టదు. స్టోర్ అసలు అడ్రస్ మూడు డబ్ల్యూలతో ఉంటే, మన ప్రోగ్రాంలో అవి లేకుండా రాశామనుకోండి. స్టోర్ 301 అనో 302 అనో చెప్పి అసలు అడ్రస్‌కు వెళ్లమంటుంది. అక్కడ రెండు నష్టాలు జరగొచ్చు. సర్వర్ పేరు మారింది కాబట్టి కర్ల్ జాగ్రత్తపడి కీని కొత్తచోటికి పంపదు, 401 వస్తుంది. కొత్త సమాచారం చేర్చే పోస్ట్‌గా బయల్దేరిన రిక్వెస్ట్ మళ్లింపు తర్వాత చూడటానికి మాత్రమే అడిగే గెట్‌గా మారిపోతుంది, మనం పంపిన సమాచారం దారిలోనే ఉండిపోతుంది. కొత్త సరుకు చేర్చమని అడిగితే ఉన్న సరుకుల జాబితా తిరిగి వచ్చిందంటే ఇదే కారణం కావచ్చు. బ్రౌజర్లో కనిపించే అడ్రస్‌ను అక్షరం అక్షరం ప్రోగ్రాంలో పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఒక్కోసారి 200 అని వస్తుంది, అంతా సవ్యమే అన్నమాట, అయినా ప్రోగ్రాం జవాబును చదవలేనంటుంది. స్టోర్‌లోని ఏదో మాడ్యూల్ పీహెచ్‌పీ హెచ్చరిక ఒకటి ముద్రించి ఉంటుంది, లేదా దాని ఫైల్ మొదట్లో ఒక ఖాళీ వరుస ఉంటుంది. ఎక్స్ఎంఎల్‌కు మొదటి అక్షరం ముందు ఏమున్నా చెల్లదు. కొత్తగా పెట్టిన మాడ్యూళ్లను ఒక్కొక్కటిగా ఆపి చూస్తే దొరుకుతుంది. లైవ్ స్టోర్‌లో హెచ్చరికలు తెరమీదకు రాకుండా లాగులోకి వెళ్లేలా పెట్టుకోవడం ఎప్పుడైనా మంచిదే.

ఇందాక 28 గురించి చెబుతానన్నాను. గడువు దాటిందంటే పని జరగలేదని కాదు. జవాబు మనకు అందలేదని మాత్రమే. ఆర్డర్ సృష్టించమని పంపితే, అవతల ఆర్డర్ తయారై, జవాబు వచ్చేలోపే మనం ఫోన్ పెట్టేసి ఉండొచ్చు. ప్రోగ్రాం మళ్లీ పంపితే రెండో ఆర్డర్ పడుతుంది. ‘స్టాక్‌ను 5 చేయి’ అనే రిక్వెస్ట్ ఎన్నిసార్లు పంపినా 5గానే ఉంటుంది. ‘కొత్తది చేర్చు’ అనే రిక్వెస్ట్ అలా కాదు. కాబట్టి చేర్చే పనుల్లో, మళ్లీ పంపేముందు మన సొంత రిఫరెన్స్ నంబరుతో వెతికి, అక్కడ ఇప్పటికే ఉందేమో చూడాలి. లేదనుకున్నాకే, కాస్త వ్యవధి ఇచ్చి పంపాలి. వెంటవెంటనే వందల రిక్వెస్టులు కురిపిస్తే 429 వస్తుంది. కాసేపు ఆగమని దాని అర్థం.

ఈ పరీక్షలన్నీ మీ ల్యాప్‌టాప్ నుంచి కాక, రాత్రిపూట ప్రోగ్రాం నడిచే ఆ మెషీన్ నుంచే చేయాలి. ల్యాప్‌టాప్ ఐపీ వేరు, సర్టిఫికెట్ల కట్ట వేరు, డీఎన్ఎస్ వేరు. ఇక్కడ నడిచింది అక్కడ నడుస్తుందని హామీ లేదు. అలాగే ప్రోగ్రాం లాగులో ‘ఫెయిల్డ్’ అన్న ఒక్క మాట రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. నంబరు, జవాబులోని మొదటి కొన్ని వరుసలు, టైం రాయాలి. విఫలమైన రాత్రే దుకాణదారు ఫోన్‌కు ఒక మెసేజ్ వెళ్లేలా చేయాలి. మనం మొదట చెప్పుకున్న ఉప్పాడ చీరను ఆ ఒక్క మెసేజ్‌తో తెల్లారకముందే స్టోర్‌లోంచి తీసేయొచ్చు.

హోస్టింగ్ వాళ్లకు ఉత్తరం రాసేటప్పుడు ‘పని చేయట్లేదు’ అని రాస్తే ‘మా దగ్గర బాగానే ఉంది’ అనే జవాబు వస్తుంది. ఏ తేదీన, భారత కాలమానం ప్రకారం ఎన్ని గంటలకు, ఏ ఐపీ నుంచి, ఏ అడ్రస్‌కు, రిక్వెస్ట్ గెట్టా, పోస్టా, మార్పు చేసే పుట్టా, వచ్చిన నంబరేమిటి, వచ్చిన వాక్యమేమిటి, ఇవి రాయండి. అవి ఉంటే వాళ్ల లాగులో సరిగ్గా ఆ వరుసను వెతకగలుగుతారు. అసలు ఆ వరుసే కనిపించకపోతే రిక్వెస్ట్ వాళ్ల దాకా చేరలేదని తేలుతుంది, అప్పుడు మన వైపు వెతుక్కోవచ్చు. ఉత్తరంలో కీ మాత్రం రాయకండి, స్క్రీన్‌షాట్‌లో కూడా కనపడనివ్వకండి. గుర్తుపట్టడానికి చివరి నాలుగు అక్షరాలు చాలు.